ఎదురింటి దూరం

మా అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరి నాలుగేళ్లు దాటింది. ఆమె చెల్లెలు, అంటే మా ఖాలా, అల్‌హమ్దులిల్లాహ్, ఇంకా మా మధ్యనే ఉన్నారు. అక్కాచెల్లెళ్లిద్దరూ పాతికేళ్లపాటు కొత్తపేటలో ఒకే రోడ్డుకు చెరొక పక్క నివసించారు. అమ్మీ మా ఇంట్లో, ఖాలా రోడ్డుకు అవతల సరూర్‌నగర్ వైపు తన కుమారుని ఇంట్లో. రెండు ఇళ్లూ రెండో అంతస్తులోనివే. నడుమ దూరం నూట యాభై అడుగులకు అటూ ఇటూగా ఉంటుందేమో. రమజాన్ మాసంలో అసర్ నమాజు కాగానే ఒక గిన్నె అటునుండి ఇటు వచ్చేది, మరొకటి ఇటునుండి అటు వెళ్లేది. గిన్నెను ఖాళీగా తిప్పి పంపటం మా ఇళ్లలో మర్యాద కాదు గనుక ఆ రాకపోకలకు ముగింపే ఉండేది కాదు. దాల్చా వచ్చిన గిన్నెలో దహీబడే వెళ్లేవి, దహీబడే వెళ్లిన గిన్నెలో ఖుబానీ కా మీఠా తిరిగొచ్చేది.

ఆ గిన్నెలు ఎందుకు ఆగిపోయాయో చెప్పాలంటే ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి.

మేము సూర్యాపేట ప్రాంతంవారము. ఫాజిల్ పట్టా పుచ్చుకుని, 1996లో ఇక్కడి మద్రసాలో పాఠాలు చెప్పటానికి వచ్చాము. అప్పట్లో అది 9వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దాని సంఖ్య 65. పూణే నుండి మచిలీపట్నం దాకా సాగే ఆ రహదారి దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చేసరికి బజారుగా మారిపోయేది. సూర్యాపేట బస్సు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగగానే సగం ఖాళీ అయ్యేది. బియ్యం సంచులతో, పచ్చడి జాడీలతో దిగేవారిలో ఎక్కువమంది చదువుకునే పిల్లల తల్లిదండ్రులే. మిగిలిన సగం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వద్ద, హాస్టళ్ల వద్ద దిగేవారు. ఎల్బీనగర్ అప్పటికింకా హైదరాబాదులో కలవలేదు. వేరే పురపాలక సంఘం, 2007లో మహానగర సంస్థలో విలీనమైంది. దిల్‌సుఖ్‌నగర్ అనే పేరు దిల్‌సుఖ్‌రామ్ అనే పెద్దమనిషి మీదుగా వచ్చిందని పాతవారు చెబుతారు. దిల్‌సుఖ్ అంటే హృదయానికి సుఖమని ఉర్దూ వచ్చిన వారందరికీ తెలుసు. సాయంత్రం ఆరు గంటలకు అక్కడి బస్టాపులో నిలబడ్డవారికి ఆ పేరు విని నవ్వు రావటం కూడా మేము చూశాము.

ఆ రోడ్డు దాటటం అప్పుడు సులభంగా ఉండేదని మేము అనము. అప్పుడూ ప్రమాదాలు జరిగేవి. కానీ దాటవలసినవారు పదిమంది ఒకచోట పోగయ్యేవారు. పెద్దవయసువారు ముందు నిలబడి చేయెత్తితే లారీ కూడా నెమ్మదించేది. అమ్మీ ఒక చేత గిన్నె పట్టుకుని, మరో చేయి పైకెత్తి, బుర్ఖా అంచు తడబడకుండా దాటటం మేము వరండాలోనుండి ఎన్నోసార్లు చూశాము. అవతల ఖాలా తమ వరండాలో నిలబడి చూస్తూ ఉండేవారు. అమ్మీ క్షేమంగా దాటగానే ఆమె లోపలికి వెళ్లి టీ పెట్టేవారు.

తరువాత మెట్రో రైలు వచ్చింది. ఆ రైలును నిందించటం మా ఉద్దేశం కాదు. నిందిస్తే అది కృతఘ్నతే అవుతుంది. మా కుమార్తె ఇంటర్మీడియట్ పూర్తిచేసిన సంవత్సరం ఆమెను డిగ్రీకి పంపకూడదని మేము నిర్ణయించుకున్నాము. కోఠీ దాకా వెళ్లే బస్సుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడే గుంపుల నడుమ ఆడపిల్ల ప్రయాణం మాకు సమ్మతం కాలేదు. ఆ అసమ్మతికి అప్పట్లో మేము ధార్మిక కారణాలే చెప్పుకున్నాము. ఈనాడు నిజాయితీగా ఆలోచిస్తే అసలు కారణం ధర్మం కాదు, బస్సు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ దాకా పదహారు కిలోమీటర్ల మార్గం ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం అమ్మాయి కోఠీ మహిళా కళాశాలలో చేరింది. విక్టోరియా మెమోరియల్ స్టేషనులో ఎక్కి, స్త్రీలకు కేటాయించిన భాగంలో కూర్చుని, పావుగంటలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగేది. (ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో విక్టోరియా రాణి స్మృత్యర్థం నెలకొల్పిన అనాథ శరణాలయం పేరే ఆ మొదటి స్టేషనుకు పెట్టారు. రోజూ ఎక్కేవారిలో ఆ సంగతి తెలిసినవారు తక్కువ.) ఆమె ఇప్పుడు ఒక పాఠశాలలో గణితం బోధిస్తోంది. ఒక రైలు మార్గం ఒక తండ్రి ఫత్వాను మార్చింది. ఈ మాట ఒప్పుకోవటానికి మాకు సంకోచం లేదు.

ఉచిత బస్సు విషయమూ అలాంటిదే. 2023 డిసెంబరు 9న రాష్ట్రంలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైన నాటినుండి మా ఇంటివారు పాతబస్తీలోని పుట్టింటికి వారానికొకసారి వెళ్లివస్తున్నారు. అంతకుముందు నెలకొకసారైనా వెళ్లేవారు కాదు. ఆధార్ కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకుంటూ, “ఇదివరకు మీ అనుమతీ కావాలి, మీ జేబు అనుమతీ కావాలి. ఇప్పుడు ఒకటి తగ్గింది” అని మాతో పరిహాసమాడతారు. పుట్టింటికి రైలు మాత్రం ఇంకా లేదు. మొదటి దశ ప్రణాళికలోనే ఉన్న ఎం.జి.బి.ఎస్.–ఫలక్‌నుమా మార్గం, ఐదున్నర కిలోమీటర్లు, నగరంలోని మిగతా మార్గాలన్నీ నడుస్తున్నా కాగితం మీదే ఉండిపోయింది. దానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మా వైపు కూడా ఒక వింత ఉంది. ఎల్బీనగర్ నుండి నాగోల్‌కు సుమారు ఐదు కిలోమీటర్లు. రెండుచోట్లా మెట్రో ఉంది. కానీ ఒకచోటినుండి మరొకచోటికి మెట్రోలోనే వెళ్లదలచినవాడు నడుమ రైలు మారి, ఊరంతా చుట్టి రావాలి.

ఇక మా ఇంటి సంగతి. మెట్రో పట్టాల వంతెన సరిగ్గా మా వరండా ఎత్తున వచ్చింది. మొదట స్తంభాలు లేచాయి. తరువాత వాటిమీద కాంక్రీటు దూలాలు పరిచారు. ఆ రోజు సాయంత్రం అమ్మీ వరండాలో నిలబడి, “చెల్లి ఇల్లు పోయింది” అన్నారు. ఇల్లు ఎక్కడికీ పోలేదు, కనిపించటం మానేసింది. తరువాత స్తంభాల నడుమ ఇనుప రెయిలింగు వేశారు. మేము దాటే చోటు మూసుకుపోయింది. వాహనాలకు దూరంగా యూ-టర్న్ ఇచ్చారు.

నడిచేవారికి దారి లేదని కాదు. మెట్రో స్టేషను లోపలికి లిఫ్టులో ఎక్కి, టికెట్టు లేకుండానే అవతలి పక్కకు దిగవచ్చు. అది మంచి ఏర్పాటే. మా ఇంటినుండి అటు చైతన్యపురి స్టేషనుకు గానీ, ఇటు విక్టోరియా మెమోరియల్‌కు గానీ మేము నడిస్తే ఎనిమిది నిమిషాలు. మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మీకి ఇరవై నిమిషాలు. అవతల దిగాక మళ్లీ అంత దూరమూ వెనక్కి నడవాలి. ఆమె మూడుసార్లు వెళ్లారు. నాలుగోసారి ఆటో పిలిచాము. “ఎదురుగా ఉన్న ఇంటికా అమ్మా!” అని డ్రైవరు ఆశ్చర్యపోయి నలభై రూపాయలు అడిగాడు. అమ్మీ దిగిపోయారు. డబ్బుకోసం కాదు, సిగ్గుపడి. ఆ తరువాత అక్కాచెల్లెళ్లు ఫోనులోనే మాట్లాడుకున్నారు. పండుగలకు మాత్రం ఖాలాను వారి అబ్బాయి స్కూటరు మీద తీసుకొచ్చేవాడు.

2021లో ఒక తెల్లవారుజామున, ఫజర్ అజాన్‌కు ముందు, అమ్మీ ప్రాణం విడిచారు. మేము మొదట ఫోను చేసింది ఖాలాకే. స్టేషను షట్టర్లు ఆరు గంటలకు గాని తెరవరు. రోడ్డు మీద ఒక్క వాహనమైనా లేదు. అంత నిర్మానుష్యంగా ఆ రోడ్డును మేము ఎన్నడూ చూడలేదు. అయినా దాటటానికి వీలు లేదు, నడుమెత్తు ఇనుము అడ్డం. ఖాలా రెయిలింగు దాకా వచ్చి, పట్టుకుని నిలబడి, మళ్లీ వెనక్కి వెళ్లి, కొడుకు స్కూటరు తీసేదాకా ఆగి, యూ-టర్న్ చుట్టి వచ్చారు.

మేము ముప్పై ఏళ్లుగా హదీసు, ఫిఖ్హ్ పాఠాలు చెబుతున్నాము. దారి విషయంలో వివాదం వస్తే దాని వెడల్పు ఏడు మూరలు ఉంచాలని దైవప్రవక్త (స) నిర్ణయించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బరువు మోసే జంతువులు ఎదురెదురుగా వస్తే ఒకదానికొకటి తగలకుండా పోగలిగే వెడల్పు అది అని వ్యాఖ్యాతలు వివరించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 17లో, కూఫా నగరాన్ని నిర్మించినప్పుడు ప్రధాన వీధులకు నలభై మూరలు, తరువాతివాటికి ముప్పై, ఇరవై, సందులకు ఏడు మూరలు కేటాయించినట్లు తబరీ చరిత్రలో ఉంది. మా విద్యార్థులు ఈ సంఖ్యలను పరీక్షకోసం కంఠస్థం చేస్తారు. మేమూ కంఠస్థం చేయించాము. ఆ కొలతలన్నీ కాలినడకన పోయేవానిని, బరువు మోసే ఒంటెను ముందుంచుకుని వేసినవని, మా ఇంటి ముందు రోడ్డుకూ ఆ పాఠానికీ సంబంధం ఉందని అమ్మీ పోయేదాకా మాకు తట్టలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాను చూడండి. పైన వంతెనలు, కింద అండర్‌పాస్‌లు. 2023 మార్చిలో కుడివైపు వంతెన కూడా తెరిచాక నాలుగు దిక్కుల వాహనాలు ఒకదానికోసం మరొకటి ఆగవలసిన అవసరం చాలావరకు తీరింది. సూర్యాపేటనుండి కారులో వచ్చే మా బంధువులు సంతోషిస్తున్నారు. అంబులెన్సులో పడుకున్నవారూ సంతోషించే ఉంటారు. కానీ బస్సు దిగి, సంచి నెత్తిన పెట్టుకుని, ఏ స్తంభం పక్కనుండి పోతే అవతలికి చేరతామో తెలియక నిలబడే పల్లెటూరి ముసలమ్మ ఇప్పటికీ ఆ వంతెనల నీడలోనే ఉంది. వాహనానికి ఎర్రదీపం ఒక అడ్డంకి. నడిచేవానికి అదొక్కటే వంతు. దీపాన్ని తీసేసినప్పుడు ఆ వంతు కూడా పోతుంది. ఈ సంగతి ప్రారంభోత్సవాల ప్రసంగాలలో మేము వినలేదు.

మా మక్తబ్‌లో చదివే ఒక పిల్లవాడి కథ ఇక్కడ చెప్పాలి. పదేళ్లవాడు. తండ్రి పండ్ల మార్కెట్లో హమాలీ. గడ్డిఅన్నారం మార్కెట్ అని పేరేగాని కొత్తపేటలో మా ఇంటికి దగ్గరే ఉండేది. వేసవిలో మామిడిపండ్ల వాసన వరండాదాకా వచ్చేది, లారీల హారన్లతో సహా. 2021 చివర దాన్ని మూసి, విజయవాడ దారిలో ఔటర్ రింగు రోడ్డుకు కూడా అవతల ఉన్న బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి రావటం మేలే. ఊరి నడుమ లారీలు తగ్గటమూ మేలే. అయితే మార్కెట్ ఇక్కడ ఉన్నప్పుడు ఆ హమాలీ మధ్యాహ్నానికి పని ముగించుకుని, స్నానం చేసి, మగ్రిబ్ వేళ కొడుకు చేయి పట్టుకుని రోడ్డు దాటించి మా దగ్గర దింపేవాడు. మార్కెట్ వెళ్లిపోయాక అతడు తెల్లవారకముందే బయలుదేరి చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నాడు. పిల్లవాడు ఒంటరిగా రావటం మొదలుపెట్టాడు.

రెయిలింగులో ఒకచోట ఎవరో ఒక కడ్డీని వంచి సందు చేశారు. అందులోనుండి వీడు దూరి వస్తున్నాడని తెలిసి మేము తరగతిలో అందరి ముందూ మందలించాము. తొందరపాటు షైతాను పని అని చెప్పాము. ఆ రోజునుండి పిల్లవాడు స్టేషను మీదుగానే రాసాగాడు. ఒకనాడు అవతల పనిమీద వెళ్లి తిరిగి వస్తూ ఉండగా మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఇమామత్ మాదే. మేము అటూ ఇటూ చూసి, షేర్వానీ అంచు పైకి పట్టుకుని, ఆ సందులోనుండి దూరి ఇవతలికి వచ్చాము. తలెత్తి చూస్తే మా వెనుక అవతలి ఫుట్‌పాత్ మీద, స్టేషను వైపు నడుస్తూ ఆగిపోయి, ఆ పిల్లవాడు మమ్మల్నే చూస్తున్నాడు.

ఆ రాత్రి పాఠం అయ్యాక వాడు దగ్గరకొచ్చి, “ఉస్తాద్, మీరు కూడానా?” అని అడిగాడు.

“నమాజుకు ఆలస్యమవుతోంది బేటా” అన్నాము.

మూడు వారాల తరువాత మగ్రిబ్ వేళకు ముందు వాడిని మోటారు సైకిలు గుద్దింది. తొడ ఎముక విరిగింది. నడిపినవాడు నల్గొండనుండి వచ్చి పోటీ పరీక్షలకు చదువుతున్న కుర్రవాడు. తానే పిల్లవాడిని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాడు, రాత్రంతా బల్లమీద కూర్చున్నాడు. అతడిని నిందించటానికి మాకు నోరు రాలేదు. ఎదురుగా ఎవరూ రారని అతనికి హామీ ఇచ్చిన రోడ్డు అది. ఎందుకు దాటావని తండ్రి అడిగితే పిల్లవాడు మా వైపు చూడకుండా, “నమాజుకు ఆలస్యమవుతోందని” అన్నాడు.

పిల్లవాడు ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటు ఉంది.

మేము ఒక అర్జీ రాశాము. నమాజీలు, హాస్టల్ యజమానులు, దుకాణదారులు, పక్క వీధి గుడి పెద్దలు, అందరూ కలిసి నూటికి పైగా సంతకాలు చేశారు. దాటే చోటొకటి తెరిచి, నడిచేవారికి సిగ్నల్ పెట్టమని మా విన్నపం. సంబంధిత కార్యాలయంలో ఒక అధికారి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు.

“గురువుగారూ, ఇక్కడ సిగ్నల్ పెడితే వెనక దిల్‌సుఖ్‌నగర్ దాకా బండ్లు నిలిచిపోతాయి. స్టేషన్లో లిఫ్టు ఉంది కదా?”

“ఫజర్ వేళ స్టేషను తెరవరు కదండీ?”

ఆయన కాసేపు ఆలోచించి, నిజమేనన్నారు. తరువాత కొంత సంకోచిస్తూ, “నేనొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. శుక్రవారం మధ్యాహ్నం మీ మసీదు ముందు ఫుట్‌పాత్ సంగతి ఏమిటి? మా అమ్మగారు ఆ సందు చివరే ఉంటారు. ఆ పూట కర్ర పట్టుకుని రోడ్డు మీదికి దిగి నడవాల్సి వస్తోంది” అన్నారు.

మాకు జవాబు దొరకలేదు. మేము పాఠం చెప్పే హిదాయా గ్రంథంలో సరిగ్గా దీని గురించే ఒక అధ్యాయముంది. ప్రజలు నడిచే దారిలోకి ఎవరైనా చూరు కాల్వనో, దూలాన్నో, దుకాణాన్నో ముందుకు పెంచితే, దాన్ని తొలగించమనే హక్కు ప్రజలలో ప్రతి ఒక్కరికీ ఉంటుంది. దానివల్ల ఎవరైనా గాయపడితే పెట్టినవాడే బాధ్యుడు. ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. శుక్రవారం ఖుత్బాకు ముందు మా గుమ్మంలో రెండు వరుసలుగా నిలిచే మోటారు సైకిళ్లు ఆ పాఠంలోకి వస్తాయని మాకు గుర్తుచేసింది అరబీ రాని ఒక ఉద్యోగి. దారినుండి బాధ కలిగించేదాన్ని తొలగించటం ఈమాన్‌లో భాగమని మేము అదే గుమ్మం లోపల ఎన్ని జుమాల్లో చెప్పామో!

మరుసటి శుక్రవారం మేము మింబర్ మీదనుండే ప్రకటించాము. కొందరు నొచ్చుకున్నారు. రోడ్డు మనకు చేసిన అన్యాయం చాలక మనమే తగ్గాలా అని ఒక పెద్దాయన అడిగారు. వారి కోపంలో న్యాయం లేదని మేము అనలేము. అయినా పక్కనున్న ఫంక్షన్ హాలు యజమాని శుక్రవారాలు తన ఆవరణ వాడుకోమన్నారు. పెద్ద విద్యార్థులు నలుగురు తాడు పట్టుకుని నిలబడి బండ్లను అటు మళ్లిస్తున్నారు. ఆలస్యంగా వచ్చేవారు ఇప్పటికీ గుమ్మంలోనే ఆపి లోపలికి పరుగెత్తుతారు. రమజాన్‌లో అయితే తాడూ ఆగదు, విద్యార్థులూ ఆగరు. ఆ అధికారి తల్లిగారు మాత్రం చాలా శుక్రవారాలు ఫుట్‌పాత్ మీదనే నడుస్తున్నారు.

మా అర్జీకి దొరికిన ఫలితం ఒక్కటే. వంగిన కడ్డీని తీసి కొత్తది బిగించారు.

పిల్లలను ఇటు రప్పించటం సాధ్యం కాదని తేలాక, మేమే అటు వెళ్లాలని నిశ్చయించుకున్నాము. ఖాలాతో చెప్పగా తమ ముందుగది ఇచ్చారు. అవతలి పక్క పిల్లలు పదిహేడుమంది ఇప్పుడు అక్కడే చదువుతున్నారు. అసర్ తరువాత మేము చైతన్యపురి స్టేషను దాకా నడిచి, లిఫ్టెక్కి, అవతల దిగి, వెనక్కి నడిచి వెళతాము. మగ్రిబ్‌కు ముందే అదే దారిన తిరిగి వస్తాము. కుంటుతూ నడిచే పిల్లవాడు వీధి మొదట్లోనే ఎదురొచ్చి మా చేతిలోని సంచి అందుకుంటాడు. ఆ సందు ప్రసక్తి మా ఇద్దరిలో ఎవరూ తిరిగి తీయలేదు. ఆ మాట తీయవలసినవారము మేమేనని మాకు తెలుసు.

మొదటి రోజు పాఠం ముగిసి మేము లేవబోతుంటే ఖాలా ఆగమన్నారు. లోపలినుండి మూతపెట్టిన ఒక స్టీలు గిన్నె తెచ్చారు. అడుగున అమ్మీ పేరు చెక్కి ఉంది. ఎన్నేళ్లనుండో వారి ఇంట్లోనే ఉండిపోయిందట.

“అమ్మీ గిన్నె కదా, ఇన్నాళ్లూ పంపలేదేం ఖాలా?” అని అడిగాము.

“ఖాళీగా ఎలా పంపను నాయనా? నిండుగా పంపుదామంటే తీసుకెళ్లేవారేరీ?” అన్నారు.

గిన్నెలో దాల్చా ఉంది. రెండు చేతులతో పట్టుకుని నడిచాము. స్టేషన్లో లిఫ్టు కోసం కొంతసేపు ఆగవలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. దాల్చా చల్లారిపోయింది. మా ఇంటివారు వేడి చేసి పెట్టారు. గిన్నె కడుగుతూ, రేపు ఇందులో ఏం పంపాలని అడిగారు.